నిద్రపోయినవాడి మొహం

నవంబరు 3, సోమవారం

ఈ రోజు మళ్ళీ ఊదించారు. స్కూలు గేటు దగ్గర, పిల్లలు చూస్తుండగా, వాళ్ళ తల్లులు చూస్తుండగా. కరస్పాండెంట్ నరసింగరావు గారు ఊదే మిషన్ ఒకటి కొని ఆఫీసులో పెట్టుకున్నారు. బస్సు డ్రైవర్లందరికీ అని పేరు. రోజూ ఊదేది మాత్రం నేనొక్కణ్ణే. సున్నా వచ్చింది. సున్నా కాక ఇంకేం వస్తుంది? మా చర్చిలో తాగినవాడికి ప్రభు బల్ల దగ్గర పంచే రొట్టె కూడా ఇవ్వరు. నేను పుట్టి బుద్ధెరిగాక సీసా మూత కూడా తీసినవాణ్ణి కాను. అయినా ఆయనకి నమ్మకం కలగలేదు. నా మొహం మీదికి వేలు పెట్టి, "మిషన్ సెప్పింది సరే. ఆ కళ్ళేటి సెప్తన్నాయి?" అన్నారు.

కళ్ళు చెప్పేది చెప్తే వినేవాడెవడు? మా ఆవిడ షీబా నర్సు, సాయంత్రం బస్సెక్కి శ్రీకాకుళం ఆసుపత్రికి నైట్ డ్యూటీకి వెళ్తుంది. నేను బండి తీసుకుని వెళ్ళిపోయాక గానీ ఇల్లు చేరదు. అమ్మ రాత్రి మాత్ర వేసుకుందంటే పక్కన డప్పు కొట్టినా కదలదు. ఇక మిగిలింది నేను, మా చంటిది కెజియా. పగలంతా నాయనమ్మ ఒళ్ళో హాయిగా నిద్రపోయే ఈ పిల్లకి దీపాలు పెట్టాకే తెల్లారుతుంది. భుజాన వేసుకుని నడిస్తే ఊరుకుంటుంది. కూర్చుంటే పసిగట్టి ఏడుస్తుంది.

పొద్దున అద్దంలో చూసుకుంటే అసహ్యం వేసింది. చచ్చిన చేప కళ్ళు. నేనే ఒక తండ్రినై రోడ్డు పక్కన నిలబడితే ఈ మొహంవాడి బస్సులో నా పిల్లని ఎక్కించను.

నవంబరు 4

నిద్ర లేదు. తిన్నది తిన్నట్టు బయటికి వచ్చేలా ఉంది. అంతే.

నవంబరు 6, గురువారం

టీకొట్టు దగ్గర అప్పలసూరితో నిజం చెప్పడం నా బుద్ధి తక్కువ. వాడూ మా స్కూల్లో డ్రైవరే. చంటిపిల్లతో రాత్రంతా మేలుకుంటున్నానని చెప్తే గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "పాలు కూడా నువ్వే ఇస్తన్నావేటి బావ?" అన్నాడు. మధ్యాహ్నానికల్లా డ్రైవర్లందరికీ పాకింది. ఒక్కడూ నమ్మలేదు. తాగినవాడు ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి పిల్ల పేరు చెప్పాడని వాళ్ళ లెక్క. పెళ్ళాం నైట్ డ్యూటీకి వెళ్తే మొగుడు మందు కొట్టడం వాళ్ళకి అర్థమవుతుంది. మొగుడు ఉగ్గుగిన్నె కడగడం అర్థం కాదు.

అమ్మ సంగతి వేరే. రాత్రులు పిల్ల తన దగ్గరే గొర్రెపిల్లలా పడుకుంటుందని చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పుకుంటోంది. నన్ను కూడా అలాగే చెప్పమంది.

సాయంత్రం బస్సుల ఇన్‌చార్జి గంగులు పక్కకి పిలిచాడు. ఇంకో తల్లి ఫోన్ చేసిందట, ఎర్రకళ్ళ డ్రైవరుంటే మా పిల్లని పంపం అని. మరో ఫోన్ వస్తే నా బస్సు ఇంకొకడికి ఇచ్చేస్తారట. షీబా ఒక్కదాని మీద ఇల్లు నడవదు. నేను మానేస్తే అది డబుల్ డ్యూటీలు మొదలుపెడుతుంది. అప్పుడు ఈ పిల్లకి తల్లి మొహం కూడా గుర్తుండదు.

నవంబరు 8, శనివారం

నిన్న సాయంత్రం షీబా నా ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అలసిపోయిన అమ్మానాన్నలకి ఐదు నిమిషాల మేకప్ అట. అందులో ఆవిడ బుగ్గలు నిగనిగలాడుతూ, నేను కూడా రాత్రంతా నిద్రపోలేదు ఫ్రెండ్స్ అంటోంది. అబద్ధం. నిద్ర లేనివాళ్ళు అంతసేపు నవ్వలేరు. నాకు ఒళ్ళు మండి, ఆడంగి పనులు నాకొద్దన్నాను. షీబా ఫోన్ నా చేతిలోనే పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. పిల్లని మోసుకుని తిరుగుతూ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను.

ఇవాళ సెలవు కదా, మధ్యాహ్నం కునుకు మానుకుని ఫ్యాన్సీ షాపుకి వెళ్ళాను. మా ఆవిడకి అని చెప్పి, కళ్ళ కింద నలుపు కప్పే కన్సీలర్ అడిగాను. కొట్టతను ఏ రంగు మనిషి అన్నాడు. నాలాగే అన్నాను. నా మొహం చూసి, అయ్యో, ఆవిడ కూడా ఇంత నలుపా అన్నాడు. డబ్బాలన్నీ సున్నం రంగులోనే ఉన్నాయి. మన దగ్గర అమ్మే సరుకులో మన రంగు ఉండదు. ఆఖరికి అడుగు అరలోంచి దుమ్ము పట్టినదొకటి తీశాడు. దాన్ని జేబులో పెట్టుకుని వస్తుంటే దొంగసొత్తు మోసుకొస్తున్నట్టే ఉంది.

నవంబరు 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక షీబా తలుపు గడియ పెట్టి నేర్పింది. ఫ్రిజ్‌లో పెట్టిన చెంచాని కళ్ళ మీద బోర్లించాలి, ఉబ్బు దిగుతుంది. తరవాత కొంచెం తడి క్రీము. ఆపైన షీబా తెచ్చిన నారింజ రంగుది, నలుపుని చంపడానికి, చుక్కలు చుక్కలుగా, నల్లగా ఉన్నంత మేర మాత్రమే. దాని మీద నేను కొన్న మన రంగుది. రుద్దకూడదు, ఉంగరం వేలితో తట్టాలి. ఆ వేలికి బలం తక్కువట, అందుకని. చివర పౌడరు అద్ది, మిగిలింది దులిపేయాలి. ఎరుపు పోవడానికి కంట్లో వేసే చుక్కల మందు కూడా ఉంది గానీ రోజూ వేస్తే కళ్ళు పాడవుతాయని, వారానికి ఒకసారికి మించి వేయొద్దని గట్టిగా చెప్పింది.

షీబా కళ్ళ కింద కూడా నాకున్నంత నలుపు ఉంది. నాకు పూస్తున్నంతసేపూ అదే చూశాను. నువ్వెందుకు పూసుకోవు అని అడిగితే, "నర్సు మొహం ఎవరు సూస్తారు?" అంది.

అద్దంలో చూసుకుంటే ఎవడో ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినవాడు కనిపించాడు. వాణ్ణి చూస్తే నాకే కుళ్ళు పుట్టింది.

నవంబరు 10, సోమవారం

పాచిక పారింది. బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా జగ్గమ్మ, కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావు బావూ అంది. స్టాపులో ఒక తల్లి నాకు నమస్కారం పెట్టింది. మొన్నటిదాకా నా ఊపిరి వాసన పట్టడానికి కిటికీ దగ్గరికి వచ్చిన మనిషే ఆవిడ. ఊదే మిషన్ బయటికి రాలేదు. గంటల తరబడి మేలుకున్న ఒంటిని పట్టించుకున్నవాళ్ళు లేరు, వేలెడు రంగుకి ఊరంతా లొంగిపోయింది. వీళ్ళ తనిఖీ ఇంతేనా అని చీదరేసింది.

నిజానికి నాకు కూడా హుషారుగానే ఉంది. మొహం బాగుంటే ఒళ్ళు కూడా బాగుంటుందేమో.

నవంబరు 14, శుక్రవారం

బాలల దినోత్సవం. చుక్కల మందు రోజూ వేస్తున్నాను. షీబాకి చెప్పలేదు.

స్టేజి దిగి వస్తూ కరస్పాండెంట్ గారు నా భుజం తట్టారు. మారావయ్యా, డ్రైవరంటే ఇలా ఉండాలి అని అప్పలసూరికి నన్ను చూపించి చెప్పారు. వచ్చే వారం శనివారం హైస్కూలు పిల్లల్ని కళింగపట్నం బీచికి పిక్నిక్ తీసుకెళ్ళే బండి నాకే అన్నారు. ఆ రోజు మామూలుగా నాకు సెలవు. వారం మొత్తంలో కాస్త కునుకు తీసేది ఆ పూటే.

వద్దనొచ్చు. మొహం చూస్తూ వద్దనడానికి కారణం ఏం చెప్పను? సరే సార్ అన్నాను.

నవంబరు 18

బాగానే ఉన్నాను.

నవంబరు 19, బుధవారం

ఒక ఊరు దాటేసి ముందుకి పోయాను. స్టాపులో పిల్లలు నిలబడే ఉన్నారట, నేను చూడలేదు. జగ్గమ్మ వెనకనుంచి రేకు మీద దబదబా బాదింది. ఏదో ఆలోచనలో ఉన్నాను, అంతే. డ్రైవరన్నాక ఆలోచనలు ఉండవా? జగ్గమ్మ అద్దంలోంచి నన్నే చూస్తూ కూర్చుంది. ముసలిదానికి ఇంకో పని లేదు.

బాగానే ఉన్నాను.

నవంబరు 22, శనివారం

ఇవాళ రాయను.

నవంబరు 23, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. రాసేస్తాను, రాయకపోతే ఇది నా లోపలే కుళ్ళుతుంది.

బీచిలో పిల్లలు ఆడుకుంటుంటే నేను బస్సులో పడుకుందామనుకున్నాను. టీచర్లు ఇద్దరే వచ్చారని, నీళ్ళ దగ్గర కాపలా ఉండమన్నారు. ఎండలో, ఎండుచేపల వాసనలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. చెమటకి కారిపోతుందని బస్సు అద్దంలో చూసుకుని రెండుసార్లు రంగు సరిచేసుకున్నాను. ఆ పని మాత్రం శ్రద్ధగా చేశాను.

తిరుగు ప్రయాణంలో పిల్లలు కాసేపు పాడి పడుకున్నారు. బస్సులో సద్దు లేదు. ఇంకా హైవే ఎక్కలేదు, రెండు పక్కలా కోసిన చేలు. ఆ తరవాత నాకు తెలిసింది జగ్గమ్మ కేక. కళ్ళు తెరిచేసరికి బస్సు రోడ్డు దిగడానికి సిద్ధంగా ఉంది. అక్కడ ఎవరో ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి, కుప్ప చేసి పెట్టుకున్నారు. రాళ్ళు ఎగిరిపోయాయి. చక్రాలు ధాన్యంలో దిగబడి బండి ఆగింది. కుప్ప అవతల కాలవ.

పిల్లలందరూ ముందుకి వచ్చి పడ్డారు. దెబ్బలు అందరికీ చిన్నవే, ఒక్క భవ్యకి తప్ప. ఎనిమిదో తరగతి పిల్ల. ముందు సీటు కమ్మీకి నోరు కొట్టుకుని ముందు పళ్ళు రెండు విరిగాయి. ఏడవలేదు. అరచేతిలో పళ్ళ ముక్కలు పట్టుకుని, ఏం చేయాలన్నట్టు నా వైపు చూసింది. పాలపళ్ళ వయసు కాదు, మళ్ళీ రావు.

కరస్పాండెంట్ గారు వచ్చారు. మిషన్ తెప్పించి ఊదించారు. సున్నా. టార్చి వేసి నా మొహం చూశారు. నిద్ర ముఖం కూడా కాదే అన్నారు. అయితే స్టీరింగు పట్టేసి ఉంటుందన్నారు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

నవంబరు 25, మంగళవారం

మెకానిక్ ఎర్రన్నని తీసేశారు. పోయిన వారం ఈ బండి సర్వీసింగు చేసింది అతనే. స్టీరింగులో ఏ లోపమూ లేదని గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్తున్నాడు. నన్ను కూడా అడిగాడు, "నీ సేతిలో ఉన్నాది కదా బావ, నువ్వే సెప్పు, ఎక్కడైనా పట్టిందా?" అని. ఆ క్షణంలో ఏమీ గుర్తు లేదన్నాను.

ఈ పొద్దున కూడా మొహానికి రాసుకునే వెళ్ళాను. బండి లేదు, నడపమని ఎవరూ అడగలేదు, అయినా రాసుకున్నాను. కడిగేస్తే తెలిసిపోతుందని భయం. నా అంత నీచుడు ఈ నరసన్నపేటలో ఉన్నాడా?

నవంబరు 27, గురువారం

చెప్పేశాను.

ఆఫీసులో కరస్పాండెంట్ గారు, గంగులు ఉన్నారు. స్టీరింగు బాగానే ఉంది సార్, నేనే నిద్రపోయాను, మా ఆవిడ నైట్ డ్యూటీ, రాత్రులు పిల్లని నేనే చూసుకుంటాను అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎర్రన్న నన్ను బతిమాలుకుని పంపాడనుకున్నారు. పిల్ల గుడ్డలు కూడా నువ్వే ఉతుకుతావా అని గంగులు అడిగాడు. ఉతుకుతానన్నాను. కరస్పాండెంట్ గారి పెదవి వంకర తిరిగింది. ఏదో తొక్కినవాడు చెప్పు చూసుకున్నట్టు చూశారు నన్ను.

కుండలో నీళ్ళతో జేబురుమాలు తడిపి కళ్ళ కింద తుడిచాను. రంగు గుడ్డకి అంటింది. గంగులు "ఛీ" అన్నాడు.

అప్పుడు కరస్పాండెంట్ గారికి అంతా అర్థమైపోయింది. అంటే, ఆయనకి కావలసినట్టు. "అదీ సంగతి. రాత్రి తాగింది పొద్దున్నకి మిషన్‌కి అందదు, కళ్ళకి అందుతాది. దాన్ని కప్పడానికి రంగు. పిల్ల కబుర్లు మానేసి నిజం సెప్పు. తాగేవా నేదా?"

మెకానిక్ షెడ్డు కిటికీలోంచి కనిపిస్తోంది. తాళం వేసి ఉంది. నేను పిల్ల అంటే వీళ్ళు నమ్మరు. నమ్మకపోతే స్టీరింగే తప్పు, ఎర్రన్నే తప్పు.

"తాగేను సార్" అన్నాను.

ఆ మాట అనగానే గదిలో గాలి మారిపోయింది. ఆయన కుర్చీ చూపించారు. గంగులు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మగాడన్నాక అలవాట్లుంటాయి, ఇంట్లో ఆడమనిషి రాత్రుళ్ళు లేకపోతే మరీనూ అని కరస్పాండెంట్ గారే నన్ను ఓదార్చారు. వైజాగ్‌లో మానిపించే డాక్టరు ఉన్నాడన్నారు. ఎర్రన్నని రేపట్నించి రమ్మన్నారు. నన్ను కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు, తల్లిదండ్రుల కోపం చల్లారాక చూద్దామన్నారు.

ఇంటికి వస్తూ ఒకటి గమనించాను. నాకు తేలిగ్గా ఉంది. ఎర్రన్న పని నిలబడినందుకు మాత్రమే కాదు. గుడ్డలు ఉతికేవాడిగా ఆ గదిలో నిలబడలేక చచ్చాను, తాగుబోతుగా కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ హాయిగా ఉంది. థూ.

నవంబరు 28

షీబా అంతా విన్నది. తరవాత ఒకటే అంది. "నిజం ఒక్కసారి సెప్పి ఊరుకున్నావు. అబద్ధం వాళ్ళు అడగ్గానే ఒప్పుకున్నావు."

ఎర్రన్న ఉద్యోగం కోసమని చెప్పాను. తల ఊపింది. బ్యాగు తీసుకుని డ్యూటీకి వెళ్ళింది.

డిసెంబరు 7, ఆదివారం

ప్రభు బల్ల ఆదివారం. కబురు చర్చికి ముందే చేరింది. పాస్టరు గారు పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చినప్పుడు సంఘ పెద్ద డేవిడ్‌రాజు గారు దాన్ని నా ముందునుంచి ఎత్తి పక్కవాళ్ళకి అందించారు. షీబా కూడా ముట్టుకోలేదు. కెజియా నా ఒళ్ళో నిద్రపోతోంది, పగలు కదా.

బయటికి వచ్చాక మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి నొక్కారు. ప్రార్థన చేస్తామన్నారు. ఒకాయనైతే తను కూడా వయసులో ఉన్నప్పుడు అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పాడు. ఇంత ఆప్యాయత నా మీద ఎప్పుడూ లేదు.

అమ్మ దారంతా ఏడ్చింది. తాగలేదని అమ్మకి తెలుసు. అందుకే ఏడుస్తోందనుకున్నాను. గుమ్మం ఎక్కాక అసలు సంగతి చెప్పింది. "తాగేనన్నావు, సరే. మారుమనసు పొందితే దేవుడు క్షమిస్తాడు. పిల్ల గుడ్డల మాట అక్కడెందుకెత్తినావురా?"

డిసెంబరు 13, శనివారం

ఇంట్లో ఉండడం వల్ల పగళ్ళు షీబా పక్కనే నేను కూడా పడుకుంటున్నాను. కళ్ళ ఎరుపు పోయింది, ఉబ్బు దిగింది. బజారుకి వెళ్తే అందరూ అదే మాట, మందు మానేశాక మొహం తేటగా అయిందని. అప్పలసూరి చుట్టూ తిరిగి మరీ చూశాడు. నేను ఎప్పుడూ తాగని దాన్ని మానేసినందుకు ఊరంతా మెచ్చుకుంటోంది.

పొద్దున గంగులు ఫోన్ చేశాడు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారట. సోమవారం వచ్చి తాళాలు తీసుకోమన్నాడు. నేను ఆనందపడలేదంటే అబద్ధం. ఆ తరవాత భవ్య గుర్తొచ్చింది. అరచేతిలో ఆ ముక్కలు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ధనలక్ష్మి గారు ఇంటి దగ్గరే మిషన్ కుడతారు. భర్త లేడు, పోయి చాలా ఏళ్ళయింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు. క్షమించమని అడిగాను. తాగినవాడికి ఒళ్ళు తెలియదు, ఏం చేస్తాం అంది. అక్కడితో వచ్చేయొచ్చు. చెప్పులు కూడా వేసుకున్నాను.

మళ్ళీ వెనక్కి తిరిగి, తాగలేదమ్మా అన్నాను. అంతా చెప్పాను. నైట్ డ్యూటీ, పిల్ల, నడక, చెంచా, నారింజ రంగు, చుక్కల మందు, కరస్పాండెంట్ గారి కుర్చీ. ఆవిడ కుట్టు ఆపి విన్నది. పిల్లకి ఎన్నో నెల అని అడిగింది. కూర్చుంటే ఏడుస్తుందా, నడిస్తే ఊరుకుంటుందా అని అడిగింది. అవునన్నాను. తన పిల్ల కూడా అంతేనని, ఏడాది దాటే దాకా నిలబడే నిద్రపోయానని చెప్పింది. ఆవిడకి తెలుసు. మాట మాటకీ తల ఊపుతోంది. ఇన్నాళ్ళకి ఒక మనిషి నన్ను నమ్మింది.

"అయితే నీకు తెలుసు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "కళ్ళు మూతపడతన్నాయని తెలుసు. మడిసి ఎప్పుడు తూలిపోతాడో తెలీదని తెలుసు. తెలిసీ రంగు రాసుకుని నా పిల్లని ఎక్కించుకున్నావు. తాగినోడైతే పోనీలెమ్మని ఒగ్గేద్దును. నిన్ను ఒగ్గను. ఎల్లిపో."

భవ్య గుమ్మంలో నిలబడి ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. వాళ్ళమ్మ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నేను వచ్చేశాను.

రోడ్డు మీదికి రాగానే గంగులుకి ఫోన్ చేశాను. సోమవారం రాను, రాత్రులు పిల్లతో నాకు నిద్ర ఉండదు, నిద్ర లేనివాడు పిల్లల బండి నడపకూడదు అని చెప్పాను. మళ్ళీ మొదలెట్టావా అని అడిగాడు. తాగను, ఎప్పుడూ తాగలేదు, మా పిల్లని రాత్రంతా ఎత్తుకునేది నేనే అన్నాను. పగలబడి నవ్వి ఫోన్ పెట్టేశాడు.

మళ్ళీ చేశాను.